పామునకు తగిన యిల్లు

తెలుగునాట పాము ఇంటిలోనికి వచ్చినచో కొందరు కర్రను వెదకుదురు, కొందరు చేతులు జోడింతురు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసిన చేతులే మరునాడు పెరటిలో పడగ కనబడినంతనే దుడ్డుకర్రను అందుకొనుటయు కలదు. పామును వెల యిచ్చి కొని, అద్దాల పెట్టెలో ఉంచి, దానికి వెచ్చదనమును నీటిని అమర్చి, పిల్లలతోపాటు పెంచుట మాత్రము మనవారి ఊహకు అందని సంగతి. అమెరికాలో అది అంత వింత కాదు. అచ్చట కుక్కలను, పిల్లులను పెంచుకొనునట్లే లక్షల యిండ్లలో బల్లులను, తాబేళ్ళను, విషము లేని పాములను పెంచుకొనుచున్నారు. ఆ పాములలో బోవా జాతివారిపై పిల్లలకు మక్కువ ఎక్కువ.

ఒహాయో రాష్ట్రమందలి ఒక పట్టణమున ఒక చిన్న కుటుంబము కలదు. తండ్రి ఉన్నత పాఠశాలలో గణితము బోధించును. తల్లి ఆసుపత్రిలో నర్సు. కూతురికి అప్పటికి ఎనిమిదేండ్లు, కొడుకునకు మూడేండ్లు. ఒక ఆదివారమున ఆ పట్టణములో సరీసృపముల సంత జరుగగా తండ్రి కూతురిని వెంటబెట్టుకొని చూడబోయెను. పొడవైన బల్లలమీద మూతలు గల చిన్న చిన్న పెట్టెలు, పెట్టెకొక పాము. ఒక వర్తకుడు మూరెడు పొడవుగల బోవాపిల్లను తీసి బాలిక చేతిలో పెట్టెను. అది బెదరలేదు. ఆమె మణికట్టును గాజువలె చుట్టుకొని, తల యెత్తి, నాలుకను రెండుమూడుసార్లు ఆడించి, అట్లే నిలిచిపోయెను.

"దీనికి కోపమనునది తెలియదు. పిల్లలకు ఇంతకంటె మంచి నేస్తము దొరకదు" అని వర్తకుడు పలికెను. ఇంటిలో ఎందరు పిల్లలున్నారో, వారి వయస్సులేమో అతడు అడుగలేదు. ఆ పిల్ల ఎంత పెరుగునో చెప్పనూ లేదు. అమ్మువాడు చెప్పనిదానిని కొనువాడు అడిగి తెలిసికొనవలయును గాని, మణికట్టున పాము చుట్టుకొనియుండగా అడుగవలసిన ప్రశ్నలు ఎవరికిని గుర్తుకు రావు. అదృష్టవశమున తండ్రి జేబులో ఆనాడు చాలినంత డబ్బు లేదు.

బోవా మన కొండచిలువకు దూరపు చుట్టము. దానివలెనే విషము లేక, ఎరను చుట్టి బిగించి చంపి మ్రింగును. కొండచిలువ గుడ్లు పెట్టి వానిని చుట్టుకొని పొదుగును. బోవాలలో ఇంచుమించు అన్నియు పిల్లలనే కనును. తోక మొదట ఇరుప్రక్కల రెండు చిన్న ముండ్లవంటివి ఉండును. అవి దాని పూర్వులకు ఒకప్పుడు కాళ్ళుండెననుటకు మిగిలిన గుర్తులు. 1758లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు ఈ జాతిలో పెద్దదానికి 'బోవా కన్‌స్ట్రిక్టర్' అని నామకరణము చేసెను. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరే జనుల నోట వాడుక పేరుగా నిలిచిన కొలది జంతువులలో ఇది యొకటి. దాని స్వస్థలము మధ్య, దక్షిణ అమెరికాల అడవులు.

ఇంటికి వచ్చినదాకా బాలిక మాటాడలేదు. రాత్రి భోజనమైన పిమ్మట, "నాన్నా, నాకు బోవా కావలెను" అని ఒక్క మాట పలికెను.

తండ్రికంటె ముందు తల్లి సమాధానమిచ్చెను. పాములయందు ఆమెకు భయము లేదు. ఆమె తలంపు మూడేండ్ల పిల్లవానిమీద ఉండెను. సరీసృపములు పైకి ఎంత శుభ్రముగా కనబడినను వాని పేగులలో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవులుండుట సామాన్యము. పామునకు దానివలన ఏ బాధయు ఉండకపోవచ్చును. చర్మమునకు, పెట్టెకు, నీటిగిన్నెకు అంటుకొనిన ఆ సూక్ష్మజీవులు పసివాని నోటిలోనికి పోయినచో విరేచనములు, జ్వరము పట్టుకొనును. ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు. ఇంటిలో ఐదేండ్లలోపు పిల్లలున్నచో సరీసృపములను పెంచుట తగదని అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రము హెచ్చరించుచున్నది. ఈ హెచ్చరిక ఊరక వచ్చినది కాదు. ఒకప్పుడు ఆ దేశములో రూపాయి బిళ్ళంతటి తాబేటి పిల్లలను బొమ్మలవలె అమ్మెడివారు. పిల్లలు వానిని నోట పెట్టుకొనెడివారు. ఎందరో పసివారు జబ్బు పడగా, 4 అంగుళములకు తక్కువ చిప్ప గల తాబేళ్ళను అమ్మరాదని 1975లో ప్రభుత్వము నిషేధించెను.

"తమ్ముడు మూడేండ్లవాడు. వాడు ముట్టుకొనని వస్తువు ఈ యింట లేదు, నోట పెట్టుకొనని వస్తువును లేదు. వానికి ఐదేండ్లు నిండువరకు ఈ యింటికి పాము రాదు" అని తల్లి నిశ్చయముగా చెప్పెను.

బాలిక ఆ రాత్రి ఏడ్చెను. రెండేండ్లు అనునది ఎనిమిదేండ్ల వయస్సునకు ఎంత పెద్దదో పెద్దలు మరచిపోవుదురు. మరునాడు ఆమె గోడకు తగిలించిన క్యాలెండరును చించకుండ తీసి, వెనుకవైపు తమ్ముని ఐదవ పుట్టినరోజు తేదీని ఎఱ్ఱ సిరాతో వ్రాసి, తిరిగి తగిలించెను.

ఆ రెండేండ్లును వ్యర్థముగా పోలేదు. ఆమె గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి చదివి, ఒక నోటుపుస్తకములో తాను కోరిన పాములను వరుసగా వ్రాసి, ఒక్కొక్కదానిని కొట్టివేయుచు వచ్చెను. మొట్టమొదట వ్రాసినది దక్షిణ అమెరికా అడవులలోని మరకతపు బోవా. పుట్టినప్పుడు ఇటుకరంగులోనో నారింజరంగులోనో ఉండి, ఏడాది గడచునప్పటికి ఆకుపచ్చగా మారిపోవు పాము అది. కొమ్మకు మాలవలె చుట్టుకొని వ్రేలాడు దాని బొమ్మను చూచి ఎవరు మోహపడరు? కాని దాని ముందుపండ్లు మిక్కిలి పొడవు, ఓర్పు మిక్కిలి తక్కువ, గాలిలో తేమ ఏమాత్రము తగ్గినను జబ్బుపడును. కొట్టివేసెను. పిదప ఇంద్రధనుస్సు బోవా. దాని పొలుసులమీది సూక్ష్మమైన గీతలు వెలుగును చీల్చుటచే కదలినప్పుడెల్ల ఒంటిమీద రంగులు పారును. దానికి వర్షాకాలపు అడవివంటి తేమ నిత్యము కావలెను. ఒహాయో చలికాలములో, వేడియంత్రములు గాలిని ఎండగట్టుచుండగా, ఆ తేమను నిలుపుట అనుభవశాలులకే కష్టము. అదియు పోయెను.

ఆఫ్రికాదైన కెన్యా ఇసుకబోవాను గూర్చి మాత్రము ఒక మాట తెలుగు పిల్లలకు చెప్పవలసియున్నది. చిన్న తల, కురచ తోక, సాధారణముగా రెండడుగులకు మించని పొడవు, నెమ్మదియైన స్వభావము: అన్నియు బాగున్నవి. పగలంతయు ఇసుకలో పూడుకొని కన్నులు మాత్రము పైకి పెట్టి ఉండుటచే, చూచువానికి అద్దాల పెట్టెలో ఇసుక తప్ప మరేమియు కనబడదు. దీని దగ్గరి చుట్టమే తెలుగునాట మెట్టభూములలో కనబడు రెండు తలల పాము. దానికి ఉన్నది ఒక్కటే తల. తోక మొద్దుగా తలవలె ఉండును, అంతే. అది ఇంట నున్నచో ధనము కలిసివచ్చునని, గుప్తనిధులు దొరకునని నమ్మించి దానిని లక్షల వెలకు అమ్మజూచు మోసగాండ్రు నేటికిని పట్టుబడుచున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని పట్టుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట నేరము. ఎలుకలను తిని రైతునకు మేలు చేయు ఆ అమాయకపు ప్రాణికి మన మూఢనమ్మకమే శత్రువైనది.

బాలిక మనస్సు మాత్రము సంతలో మణికట్టును చుట్టిన పెద్ద బోవామీదనే చిక్కుకొనియుండెను. తండ్రి వాదింపలేదు. తన సహోద్యోగి యింట పదునొకండేండ్లుగా పెరుగుచున్న బోవాను చూపుటకు ఆమెను తీసికొనిపోయెను. ఆ పాము ఏడడుగుల పొడవుండెను. దాని పెట్టె ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఇంటిలో ఒక మంచమంత చోటు. యజమాని దానిని ఒంటరిగా ఎన్నడును తీయడు; మరియొక పెద్దవాడు దగ్గర నుండవలయునని ఆ యింట కట్టడి. తండ్రి భుజములమీద దానిని వేసినప్పుడు ఆయన మోకాళ్ళు కొంచెము వంగెను. బాలిక రెండు చేతులతో దాని నడుము నెత్తజూచెను, లేవలేదు. పాము నిజముగా శాంతమైనదే. అయినను శాంతమైన బలము వేరు, పిల్లల చేతికి లొంగు బలము వేరు. ఆమె ఇంటికి వచ్చి నోటుపుస్తకము తెరచి చాలసేపు చూచి, కొట్టివేయక, ప్రక్కన "పెద్దయైన తరువాత" అని వ్రాసెను.

తండ్రి గణితోపాధ్యాయుడు గనుక ఆయన సందేహము లెక్కరూపమున వచ్చెను. ఒక చీటిమీద 10 అని వ్రాసి, క్రింద 25 అని వ్రాసి, గీత గీసి 35 అని కూతురికి చూపెను. బోవాలు సాధారణముగా ఇరువది, ముప్పది ఏండ్లు బ్రదుకును. ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో పొపాయ్ అను బోవా 40 ఏండ్లకు పైబడి జీవించి 1977లో మరణించెను. "పదునెనిమిదవ యేట నీవు కళాశాలకు పోవుదువు. విద్యార్థుల వసతిగృహములలో పాములను ఉండనీయరు. అప్పుడు దీనిని ఎవరు చూతురు?" అని ఆయన అడిగెను. బాలిక చీటిని చూచి, తండ్రి ముఖమును చూచి, "మీరు" అనెను. ఆయన నవ్వెను గాని ఆ రాత్రి ఆయనకు చాలసేపు నిద్ర రాలేదు. పిల్ల కోరిన పామును పిల్ల పేరిట కొనవచ్చును; దాని భారము మాత్రము మొదటినుండియు పెద్దలదే. ఈ సంగతి తెలియక కొనినవారు పిదప చేయు పని మరింత ఘోరము. పెరిగిన పామును భరింపలేక రాత్రివేళ పొదలలో విడిచిపెట్టుదురు. కరీబియన్ సముద్రమందలి అరూబా ద్వీపములో 1999లో మొదటిసారి బోవాలు కనబడినవి. అవి ఆ ద్వీపమునకు చెందినవి కావు. నేడు అవి అచ్చటి పక్షులను, బల్లులను తినుచు, నిర్మూలింపరానంతగా వృద్ధిపొందినవి. ఫ్లోరిడాలో బర్మా కొండచిలువల కథ అంతకంటె పెద్దది.

ఈ చర్చల నడుమ రెండేండ్లు గడచెను. తమ్ముని ఐదవ పుట్టినరోజు వచ్చెను. అప్పటికి నోటుపుస్తకములో కొట్టివేయబడక మిగిలిన పేరు ఒక్కటే: రోజీ బోవా. కాలిఫోర్నియా, ఆరిజోనా, మెక్సికోల ఎడారులలో రాళ్ళ నడుమ నివసించు చిన్న పాము. పొడవు రెండు మూడడుగులు. వెన్నుపొడుగునను మూడు చారలు. ఎడారిది గనుక ఒహాయో చలికాలపు పొడిగాలి దానికి బాధ కాదు. మూడడుగుల పెట్టె చాలును. ఒక కొన 31 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనము, రెండవ కొన చల్లదనము ఉండి, ఇష్టము వచ్చినచోటికి పామే జరుగునట్లు అమర్చవలయును. దానికి ఒక్కటే దోషము: ఆకలి ఎక్కువ. ఎలుకవాసన గల వ్రేలిని ఎలుకయే యనుకొనును. అందుచే ఆహారమును పటకారుతోనే అందింపవలయును.

ఆహారముమాట వచ్చినప్పుడు తల్లి మరల నిలిచెను. బోవాలకు ఆకులు, అలములు పనికిరావు. ఎలుకలే కావలెను. ప్రాణముతో నున్న ఎలుకను వేసినచో పామునే కరచి గాయపరచవచ్చును. కనుక చంపి గడ్డకట్టించిన ఎలుకలను తెచ్చి, గోరువెచ్చని నీటిలో కరిగించి పెట్టుదురు. "అవి నా వంటయింటి ఫ్రిజ్‌లోనా?" అని ఆమె అడిగెను. దానికి వేరుగా ఒక చిన్న శీతలపేటికను కొని గ్యారేజీలో పెట్టిరి. పాము వెలకంటె ఈ యేర్పాట్ల వెలయే ఎక్కువయ్యెను.

సంతలో కొనవలెనని బాలిక కోరిక. ఇంతలో ఆ ప్రాంతపు సరీసృప ప్రేమికుల సంఘమువారు, ఒక యింట ఎనిమిదేండ్ల రోజీ బోవా ఉన్నదని, తీసికొనువారున్నచో రావచ్చునని తెలిపిరి. తండ్రీకూతుళ్ళు ఆ యింటికి వెళ్ళిరి. తలుపు తీసినది ఒక నడివయస్సు స్త్రీ. ఆమె కుమారుడు తొమ్మిదవ యేట ఆ పామును తెచ్చుకొనెను. పదునేడవ యేట కళాశాలకు వెళ్ళిపోయెను. తండ్రి ఆ లెక్కను మనస్సులో వేసికొని మౌనముగా నుండెను.

"నాకు దీనిని ముట్టుకొనుటకు ఇష్టము లేదు. అయినను నాలుగు నెలలనుండి నేనే మేపుచున్నాను" అని ఆమె చెప్పి, లోపలినుండి ఒక పాత నోటుపుస్తకము తెచ్చి ఇచ్చెను. మొదటి పుటలలో వంకరటింకర బాల్యపు అక్షరములు: ఏ తేదీన తినెను, ఏ తేదీన కుబుసము విడిచెను, ఎంత తూగెను. పుటలు తిరుగుకొలదియు అక్షరములు నిటారుగా నిలిచినవి, అటుపిమ్మట తొందరపాటువ్రాత, నడుమ నడుమ ఖాళీలు. చివరి పుటలలో గుండ్రని మరియొక చేతివ్రాత. "డిసెంబరు వచ్చినచో రెండు నెలలు ఏమియు తినదు. మొదటి యేడు భయపడి పశువైద్యుని యొద్దకు పరుగెత్తితిమి. మీరు భయపడకుడు" అని ఆమె బాలికకు వివరించెను.

తండ్రి తాను చదివినవన్నియు చూచెను: కన్నులు తేటగా నున్నవా, నోటివద్ద బుడగలు లేవు గదా, పొలుసుల నడుమ నల్లని పేలు కనబడుచున్నవా, ఎత్తినప్పుడు కండ గట్టిగా నున్నదా. అన్నియు సరిగా నుండెను. బాలిక ఇవేవియు చూడలేదు. ఆమె ఆ స్త్రీని, "మీ అబ్బాయి వచ్చినప్పుడు చూడవలెనన్నచో మా యింటికి రావచ్చును" అనెను. ఆమె తల యూపి మరియొక గదిలోనికి వెళ్ళి, పెట్టె మూతకు తగిలించు ఇనుప కొక్కెములను తెచ్చి ఇచ్చెను. పాములు సందు దొరకినచో జారిపోవుటయందు మిక్కిలి నేర్పరులు.

పెట్టెను తండ్రి చదువుకొను గదిలో, తమ్ముడు ఒంటరిగా పోలేని చోట, ఉంచిరి. క్రొత్త యింటికి వచ్చిన పామును వారము దినములు ముట్టరాదు. ఆ వారము బాలిక ప్రతి సాయంకాలము దీపము తగ్గించి పెట్టె యెదుట కూర్చుండెడిది. మొదటి మూడు రాత్రులు రాతిక్రిందినుండి అది వెలికి రాలేదు. నాలుగవ రాత్రి ముక్కు కనబడెను. పాము మనుష్యుని ప్రేమించునని కొందరు వ్రాయుదురు గాని అది నమ్మదగిన మాట కాదు. అది మనుష్యుని సహించును. అపాయము లేదని తెలిసికొనును. ఆ యెరుకను దానికి కలిగించుటకే ఎన్నో దినముల ఓర్పు కావలెను.

ఎనిమిదవ నాడు తండ్రి పటకారుతో ఎలుకను అందింపగా పాము మెరుపువలె పట్టి, చుట్టి, బిగించెను. చుట్టుపాము ఊపిరి ఆడనీయక చంపునని లోకము చాలకాలము నమ్మెను. బోవా బిగింపుతో ఎలుక ఒంటిలో రక్తప్రసరణమే ఆగిపోవునని 2015లో అమెరికాలోని డికిన్సన్ కళాశాల పరిశోధకులు నిరూపించిరి. ఎర గుండె కొట్టుకొనుట ఆగినదాకా బోవా ఆ చప్పుడును తన ఒంటితో కనిపెట్టుచునే యుండునని అంతకుముందే 2012లో వారు కనుగొనియుండిరి. బాలికకు ఈ సంగతి తెలియును. తిన్న పిమ్మట రెండు దినములు కదలింపరాదను నియమమును పాటించి, మూడవ నాడు తండ్రి పామును ఆమె చేతిలో పెట్టినప్పుడు, అది నెమ్మదిగా మణికట్టును చుట్టుకొనగా, "నాన్నా, నా నాడి దీనికి తెలియుచుండునా?" అని ఆమె అడిగెను. తండ్రి తన రెండు వ్రేళ్ళను ఆమె మణికట్టుమీద, పాము చుట్టు ప్రక్కన, ఉంచి చూచెను. నాడి వేగముగా కొట్టుకొనుచుండెను.

తమ్ముడు ద్వారమువద్ద నిలిచి చూచుచుండెను. తల్లి వానిని చేయి పట్టుకొని లోనికి తెచ్చి, ఒక్క వ్రేలితో వెన్నుమీద, తలవైపు కాక తోకవైపునకు నిమురనిచ్చెను. "చల్లగా లేదే!" అని వాడు ఆశ్చర్యపడెను. పిదప ఎవరును చెప్పకమునుపే స్నానపుగదిలోనికి పరుగెత్తి, ముక్కాలిపీట నెక్కి, సబ్బు నురుగు మోచేతులదాకా పూసికొనెను.

ఆ రాత్రి పాత నోటుపుస్తకములో గుండ్రని చేతివ్రాత క్రింద బాలిక తేదీ వేసి వ్రాసెను: "ఎలుక ఒకటి తిని మూడు దినములైనది. పట్టుకొంటిని. పది నిమిషములు. తమ్ముడును ముట్టుకొనెను, చేతులు కడుగుకొనెను."